చెట్టు పనికి వెల కట్టడం

పట్టణంలో ఒక ఇంటి ముంగిట ఏపుగా పెరిగిన మామిడిచెట్టు ఉన్నది. దాని కొమ్మలు కొన్ని డాబా మీదికి వాలాయి. ఒక కొమ్మ విద్యుత్తు తీగకు చేరువైంది. తుపానుల కాలం రాకముందే వాటిని తొలగించాలని ఇంటి యజమాని ఒక యువకుణ్ణి పిలిపించాడు. ఆ యువకుడు చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, తలెత్తి చూచి నిలబడ్డాడు. "ఎంత తీసుకొంటావు బాబూ?" అని యజమాని అడిగాడు. "మీకు తెలియనిదేమున్నదండీ! మీకు తోచింది ఇవ్వండి" అన్నాడతడు. ఆ సమాధానంలో వినయం ఉన్నది, మర్యాద ఉన్నది. కాని లెక్క లేదు. ఇంతకన్నా పెద్ద పొరపాటు ఆ వృత్తిలో మరొకటి లేదు. కొమ్మను కోసే విద్య ఎంత అవసరమో, ఆ పనికి వెల కట్టే విద్య కూడ అంతే అవసరం.

ఒకప్పుడు చెట్టు పని గ్రామంలో ఇరుగుపొరుగుల సహాయంతోనో, ఇంత ధాన్యం కొలిచి ఇవ్వడంతోనో జరిగిపోయేది. నేడు పరిస్థితి మారింది. పట్టణాలు విస్తరించాయి. ఇండ్లు, తీగలు, వాహనాలు, ప్రహరీగోడలు చెట్లకు మరింత దగ్గరయ్యాయి. కొమ్మను కోయడం ఒక ఎత్తు. దానిని దేనిమీదా పడకుండ తాళ్ళతో దించడం మరొక ఎత్తు. అందువల్ల చెట్లెక్కడం, కొమ్మలు సవరించడం, ఎండిన మానులను తొలగించడం, లేత మొక్కలకు ఊతమిచ్చి తీర్చిదిద్దడం ఒక ప్రత్యేకమైన స్వయం ఉపాధిగా రూపొందుతున్నది. ఒక మోటారు రంపం, కొన్ని తాళ్ళు, ఇద్దరు సహాయకులు ఉంటే ఈ పని మొదలుపెట్టవచ్చు. అయితే మొదలుపెట్టిన పని నిలబడాలంటే ధర సక్రమంగా నిర్ణయించుకోవాలి.

చాలమంది ధర అంటే కూలి అనుకొంటారు. రోజుకు తనకు వెయ్యి రూపాయలు, ఇద్దరు సహాయకులకు ఆరేసి వందలు, వెరసి 2,200 రూపాయలు. దానిని ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకు 275 రూపాయలు. మరికొంత కలిపి 300 అడిగితే తన కష్టానికి ఫలితం దక్కినట్లేనని చెట్టెక్కేవాడు భావిస్తాడు. ఈ లెక్క పైకి సబబుగానే కనిపిస్తుంది. కాని ఇందులో రెండు లోపాలున్నాయి. మొదటిది, సంవత్సరంలోని ప్రతిరోజూ, రోజులోని ప్రతిగంటా ఆదాయం తెస్తుందని భ్రమించడం. రెండవది, కూలి తప్ప వేరే ఖర్చు లేదని భావించడం. ఈ రెండింటినీ విడివిడిగా పరిశీలిద్దాం. ఇక్కడ చెప్పే అంకెలు ఉదాహరణ కోసం ఊహించినవి. ఊరినిబట్టి, పనినిబట్టి అవి మారతాయి. లెక్క కట్టే పద్ధతి మాత్రం మారదు.

ముందుగా కాలాన్ని లెక్కిద్దాం. సంవత్సరానికి 365 రోజులు. వాటిలో ఆదివారాలు 52 తీసివేస్తే 313 మిగులుతాయి. జడివాన కురిసేటప్పుడు, ఈదురుగాలి వీచేటప్పుడు చెట్టెక్కడం ప్రాణాంతకం. తడిసిన బెరడు మీద కాలు నిలవదు. అటువంటి రోజులు 45 అనుకొంటే 268 మిగులుతాయి. పండుగలు, పెళ్ళిళ్ళు, అనారోగ్యం వంటివాటికి 24 పోగా 244 రోజులు. ఇక చెట్లు చూచి అంచనా చెప్పి రావడం, రంపం బాగుచేయించడం, కార్యాలయాల చుట్టూ అనుమతుల కోసం తిరగడం, రావలసిన బాకీలు వసూలు చేసుకోవడం అనే పనులకు 44 రోజులు పడతాయి. చివరకు చెట్టుమీద పని జరిగేది 200 రోజులు మాత్రమే.

ఆ 200 రోజులలోనైనా ఎనిమిది గంటలూ కొమ్మల మీద గడవవు. పనిచోటికి చేరడానికి, తాళ్ళు బిగించడానికి, కింద మనుషులు నడవకుండ అడ్డు కట్టడానికి, భోజనానికి, చివరకు నేల ఊడ్చి సామాను సర్దుకోవడానికి రెండు గంటలైనా పడుతుంది. మిగిలేవి ఆరు గంటలు. 200 రోజులకు రోజుకు ఆరు గంటల చొప్పున 1,200 గంటలు. వీటినే ఆదాయపు గంటలు అనవచ్చు. నెలకు 26 రోజులు, రోజుకు ఎనిమిది గంటలు పని దొరుకుతుందని ఊహించినవాడు సంవత్సరానికి 2,496 గంటలు లెక్కవేసుకొంటాడు. వాస్తవం అందులో సగం కన్నా తక్కువ. మిగిలినవన్నీ మూగ గంటలు. వాటికి ఎవరూ విడిగా డబ్బు ఇవ్వరు. కాని అవి లేకుండ పని జరగదు. కనుక ప్రతి ఆదాయపు గంట తనతోపాటు ఒక మూగ గంటను కూడ మోయవలసి ఉంటుంది.

ఇక వ్యయాన్ని లెక్కిద్దాం. అర్థశాస్త్రం చదివిన విద్యార్థులకు స్థిర వ్యయం, చర వ్యయం అనే మాటలు పరిచితమే. పని ఉన్నా లేకున్నా తప్పనిది స్థిర వ్యయం. పనితోపాటు పెరిగేది చర వ్యయం. చెట్టెక్కే యువకుని ఇంటి ఖర్చులకు నెలకు 25,000 చొప్పున సంవత్సరానికి 3,00,000 రూపాయలు కావాలి. వాన కురిసినంత మాత్రాన పిల్లల బడి రుసుము ఆగదు కదా! ఇద్దరు సహాయకులకు రోజుకు 600 చొప్పున 200 రోజులకు 2,40,000 రూపాయలు. ట్రాలీ ఆటో బాడుగ రోజుకు 500 చొప్పున 1,00,000. పెట్రోలు, నూనె, గొలుసు సాన పట్టించడం, చిన్న మరమ్మతులు కలిపి 36,000. బీమా, ప్రథమచికిత్స సామగ్రి, ఫోను మొదలైనవాటికి 20,000.

పనిముట్ల ఖర్చును మాత్రం మరొక విధంగా చూడాలి. 30,000 రూపాయలు పెట్టి కొన్న మోటారు రంపం మూడేండ్లు పనిచేస్తే, ఏటా 10,000 రూపాయల విలువ అందులోనుంచి కరిగిపోతున్నట్లే. వాణిజ్యశాస్త్రంలో దీనినే తరుగుదల అంటారు. 24,000 రూపాయల తాళ్ళు, నడుముకు కట్టుకొనే సేఫ్టీ బెల్టు మూడేండ్లకు మార్చితే ఏటా 8,000. నిచ్చెనలు, చేతిరంపాలు, హెల్మెట్లు, కళ్ళద్దాలు 12,000 విలువైనవి రెండేండ్లు వస్తే ఏటా 6,000. అన్నీ కలిపి 24,000 రూపాయలు. ఈ మొత్తం ఏ రోజూ చేతిలోనుంచి ఖర్చయినట్లు కనిపించదు. అందుకే చాలమంది దీనిని లెక్కలోకి తీసుకోరు. తీరా రంపం మూలపడిన రోజున వడ్డీకి అప్పు తెచ్చుకొంటారు. తాటి విషయంలో ఈ నిర్లక్ష్యం మరింత ప్రమాదకరం. పాతబడిన తాటిని మార్చడానికి డబ్బు లేక, 'ఇంకొక నెల వాడదాం' అనుకొన్న రోజే అది తెగే రోజు కావచ్చు.

పై వ్యయాలన్నింటినీ కూడితే 7,20,000 రూపాయలు. దీనిని 1,200 ఆదాయపు గంటలతో భాగిస్తే గంటకు 600 రూపాయలు వస్తుంది. ముగ్గురు మనుషులు, పనిముట్లు, బండి కలిసి ఒక గంట పనిచేస్తే అయ్యే అసలు ఖర్చు ఇది. ఇందులో లాభం లేదు. పని దొరకని నెలలకు నిలవ ఉండాలన్నా, ఒక కొమ్మ జారి పక్కింటి రేకు పగిలితే నష్టం కట్టాలన్నా, రేపు మరింత మంచి రంపం కొనాలన్నా దీనిపై పదోవంతు కలుపుకోవాలి. అప్పుడు గంటకు 660 రూపాయలు అవుతుంది.

మొదట అనుకొన్న 300 రూపాయలతో దీనిని పోల్చి చూడండి. 300 చొప్పున 1,200 గంటలకు వచ్చే ఆదాయం 3,60,000. యువకుని ఇంటి ఖర్చును పక్కన పెట్టినా, మిగిలిన వ్యయమే 4,20,000. అంటే సంవత్సరమంతా చెట్లెక్కి, ఒక్క రూపాయి అయినా ఇంటికి తీసుకుపోకుండ, పైగా 60,000 రూపాయల అప్పులో ఉంటాడన్నమాట. రోజూ చేతిలో డబ్బు ఆడుతుండడంవల్ల ఈ నష్టం వెంటనే తెలియదు. తెలిసే సమయానికి బండి బాడుగ బాకీ పడుతుంది, సహాయకులు వేరే పనికి పోతారు. తక్కువ ధరకు పని ఒప్పుకొని గిరాకీ పెంచుకొంటున్నానని సంతోషించేవాడు కూర్చున్న కొమ్మనే నరుక్కొంటున్నాడు.

గంట వెల తెలిసిన తరువాత దానిని గిరాకీదారునికి ఏ రూపంలో చెప్పాలన్నది మరొక ప్రశ్న. మన ప్రాంతాలలో చెట్టు పనికి మూడు పద్ధతులు కనిపిస్తాయి. గంట లేక రోజు లెక్కన కూలి ఇవ్వడం మొదటిది. పని మొత్తానికి కలిపి గుత్తగా మాట్లాడుకోవడం రెండవది. డబ్బు ఇవ్వకుండ, కోసిన కలపను తీసుకుపొమ్మనడం మూడవది. ఏ పద్ధతిలో వెల నిర్ణయమైతే రంపం ఆ దారినే నడుస్తుంది. కనుక వీటి గుణదోషాలను విచారించడం అవసరం.

రోజు లెక్కన పని చేయిస్తే తొందర ఉండదు. కాని యజమానికి అనుమానం ఉంటుంది. పనివాడు ఒక్క క్షణం కొమ్మమీద ఆగి ఆలోచించినా, కాలయాపన చేస్తున్నాడేమోనని కింద నిలబడినవారికి తోస్తుంది. గుత్త పద్ధతిలో ఆ అనుమానం లేదు. ఎంత అవుతుందో ముందే తెలుస్తుంది. కాని అంచనా తప్పితే ఆ భారం పనివాని మీద పడుతుంది. ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి అతడు తొందరపడతాడు. తాడు కట్టవలసినచోట కట్టడు. రెండు కోతలు కోయవలసినచోట ఒక్క కోతతో సరిపెడతాడు. మూడవ పద్ధతి పైకి ఉచితంగా కనిపిస్తుంది. నిజానికి అన్నింటికన్న ఖరీదైనది అదే. కలపే కూలి అయినప్పుడు ఎంత ఎక్కువ కోస్తే అంత లాభం. ఎండిన సన్నకొమ్మను వదిలి, లావుపాటి పచ్చికొమ్మ మీదికి రంపం పోతుంది. యజమాని తన డబ్బు మిగిలిందనుకొంటాడు. ఆ డబ్బును చెట్టు చెల్లిస్తుంది.

కాబట్టి గంట వెలను తన లోపలి కొలబద్దగా ఉంచుకొని, గిరాకీదారునికి గుత్త ధర చెప్పడం మేలైన మార్గం. మొదట చెప్పుకొన్న మామిడిచెట్టునే తీసుకొందాం. కొమ్మలు సవరించడానికి ఐదు గంటలు పడుతుంది. తీగ పక్కన పని కనుక విద్యుత్తుశాఖవారికి తెలియజేసి, సరఫరా ఆపించి, ఆపినట్లు నిర్ధారించుకొన్న తరువాతనే రంపం ఎత్తాలి. అందుకు ఒక గంట. మొత్తం ఆరు గంటలకు 660 చొప్పున 3,960 రూపాయలు. కోసిన కొమ్మలను తరలించడానికి బండి అదనంగా రెండుసార్లు తిరగాలి. తడవకు 400 చొప్పున 800. వెరసి 4,760 రూపాయలు. ఈ అంకె గాలిలోనుంచి వచ్చింది కాదు. ఎవరడిగినా ప్రతి రూపాయికీ కారణం చెప్పవచ్చు. యజమాని తనకు తోచినట్లు 1,500 ఇచ్చి ఉంటే ఏమయ్యేది? సహాయకుల కూలి 1,200, బండి బాడుగ 500 కలిపి ఆ సాయంత్రమే 1,700 ఖర్చు. చెట్టెక్కినవాడు రోజంతా శ్రమించి, సొంత జేబులోనుంచి 200 రూపాయలు పోగొట్టుకొని ఇంటికి చేరేవాడు.

అంచనా సరిగా రావాలంటే చెట్టును చదవడం తెలియాలి. ఎత్తు, మాను చుట్టుకొలత మాత్రమే చాలవు. మానులో తొర్ర ఉన్నదా? మొదట్లో పుట్టగొడుగులు మొలిచాయా? ఎండిన కొమ్మలెన్ని? కింద ఖాళీస్థలమా, రేకుల కప్పా? తేనెపట్టు ఉన్నదా? బండి లోపలికి వస్తుందా, లేక కొమ్మలను సందులోనుంచి మోసుకురావలసి ఉంటుందా? ఒకే ఎత్తు ఉన్న రెండు వేపచెట్లలో ఒకటి బయలులోనూ, మరొకటి రెండిండ్ల నడుమ ఉంటే, రెండవదానికి రెండింతలు, మూడింతలు కాలం పట్టవచ్చు. ప్రతి పని ముగియగానే, అంచనా వేసిన గంటలెన్ని, నిజంగా పట్టినవెన్ని అని ఒక పుస్తకంలో రాసుకోవాలి. అది ఒక సంవత్సరం తిరిగేసరికి ఏ గురువూ నేర్పలేని పాఠాలు నేర్పుతుంది.

ధరకూ చెట్టు ఆరోగ్యానికీ ఉన్న సంబంధాన్ని గ్రహించడానికి కొంత వృక్షశాస్త్రం అవసరం. అమెరికా అటవీశాఖలో పనిచేసిన వృక్షవ్యాధి శాస్త్రజ్ఞుడు అలెక్స్ షైగో (1930–2006) అనేక చెట్లను రంపంతో నిలువునా చీల్చి, లోపలి గాయాలను పరిశీలించాడు. చెట్టు మనిషివలె గాయాన్ని మాన్పుకోదని, గాయపడిన భాగం చుట్టూ అడ్డుగోడ కట్టి కుళ్ళు వ్యాపించకుండ బంధిస్తుందని ఆయన వివరించాడు. కొమ్మ మొదట్లో, మానును ఆనుకొని ఒక ఉబ్బు కనిపిస్తుంది. ఆ ఉబ్బును చెక్కివేయకుండ, దానికి వెలుపల కోస్తే ఆ గోడ బలంగా ఏర్పడుతుంది. మానుకు సమంగా చెక్కివేసినా, పొడవాటి మోడు వదిలినా కుళ్ళుకు దారి దొరుకుతుంది.

పెద్ద కొమ్మను తొలగించడానికి మూడు కోతలు కావాలి. మొదట మానుకు కొంత దూరంలో కొమ్మ అడుగున కొద్దిగా కోయాలి. తరువాత ఇంకొంచెం అవతల పైనుంచి కోసి బరువు దించాలి. చివరకు మిగిలిన మోడును ఉబ్బుకు వెలుపల కోయాలి. అడుగుకోత లేకుండ పైనుంచి ఒక్కవేటుగా కోస్తే, పడే కొమ్మ తన బరువుతో మాను బెరడును కూడ చీల్చుకుపోతుంది. మూడు కోతలకు ఒక్క కోతకన్న ఎక్కువ కాలం పడుతుందని వేరుగా చెప్పనక్కరలేదు. ఆ కాలానికి ధరలో చోటు లేకపోతే ఆ కోతలకు చెట్టుమీద చోటుండదు. చెట్టు తలను పూర్తిగా నరికి మోడు చేయడం కూడ ఇటువంటిదే. అది సులువు, చౌక. కాని ఆ మోడునుంచి గుంపుగా పుట్టుకొచ్చే కొత్తకొమ్మలకు మానుతో గట్టి పట్టు ఉండదు. కొన్నేండ్లకు అవి బరువెక్కి గాలికి విరిగిపడతాయి. మొదట తక్కువకు చేయించుకొన్న పని మళ్ళీ మళ్ళీ ఖర్చు తెస్తుంది. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు పెద్దలు. మొక్కగా ఉన్నప్పుడు చేతికత్తెరతో పది నిమిషాలలో ముగిసే సవరణ, మాను అయిన తరువాత ముగ్గురికి రోజంతా పని అవుతుంది.

కోనసీమ కొబ్బరితోటలు ఈ విషయానికి చక్కని నిదర్శనం. అక్కడ కాయలు దింపే కార్మికులు చెట్టుకు ఇంత అని తీసుకోవడం వాడుక. చెట్టు లెక్కన కూలి అయినప్పుడు, ఎన్ని చెట్లెక్కితే అంత ఆదాయం. కొబ్బరికి ప్రధాన శత్రువులలో ఒకటి కొమ్ము పురుగు. అది విచ్చుకోని మొవ్వులో దూరి లేత ఆకును కొరికివేస్తుంది. అట్టి ఆకు విచ్చుకొన్నప్పుడు కత్తెరతో కోసినట్లు కనిపిస్తుంది. చెట్టెక్కినవాడు మొవ్వును పరిశీలించి, ఇనుప కొక్కెంతో పురుగును లాగివేస్తే, ఎండిన మట్టలు తీసి తల శుభ్రం చేస్తే చెట్టు బాగుపడుతుంది. అందుకు చెట్టుమీద మరికొన్ని నిమిషాలు ఉండాలి. ఆ నిమిషాలకు కూలి లేనప్పుడు ఎవరుంటారు? కాయ దింపుకు ఒక ధర, మొవ్వు శుభ్రతకు మరొక ధర విడిగా పెట్టుకొంటే రైతుకూ, కార్మికునికీ, చెట్టుకూ మేలు కలుగుతుంది. డబ్బు చెల్లించని పని జరగాలని ఆశించడం న్యాయం కాదు.

ధరలో కలవవలసిన వ్యయాలన్నింటిలో ముఖ్యమైనది భద్రత. చెట్టెక్కేవారి వృత్తిలో ఒక్క జారుడు ఒక కుటుంబాన్ని వీధిలో నిలబెట్టగలదు. 1981లో ఏర్పడిన కొబ్బరి అభివృద్ధి బోర్డు, 2011లో యువతకు యంత్రసహాయంతో చెట్టెక్కడంలో శిక్షణ ఇచ్చే కార్యక్రమాన్ని చేపట్టింది. తెలంగాణలో గీతకార్మికులకు 2024లో 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో భద్రతా పరికరాల పంపిణీ ప్రారంభమైంది. 2015లో మొదలైన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో, 2022 జూన్ నుంచి సంవత్సరానికి 20 రూపాయల ప్రీమియంతో ప్రమాదమరణానికి 2 లక్షల రూపాయల బీమా లభిస్తున్నది. ఇవన్నీ మేలు చేసేవే. అయితే పరికరం ఉన్నంత మాత్రాన చాలదు. దానిని తొడుగుకొనే వ్యవధి కూడ ఉండాలి. తాడు బిగించడానికి పట్టే పదిహేను నిమిషాలు వృథా అని భావించే ధర, చెట్టెక్కేవానిని తాడు లేకుండనే పైకి పంపుతుంది.

ఆపద సమయంలో ధర ఎలా ఉండాలన్నది ధర్మసూక్ష్మం. 1996 నవంబరు తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టం చేసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణంలో అసంఖ్యాకంగా చెట్లను కూల్చింది. అటువంటి రోజులలో ఇంటిమీద పడిన మానును ఎంతకైనా తీయించడానికి జనం సిద్ధపడతారు. పడిన చెట్టును కోయడం నిలిచిన చెట్టును కోయడంకన్న ప్రమాదకరం. వంగి బిగుసుకొన్న కొమ్మ, రంపం తగలగానే వింటిబద్దవలె ఎగిరి కొట్టవచ్చు. తీగలు ఎక్కడ చిక్కుకొన్నాయో తెలియదు. రాత్రివేళ పని చేయవలసి రావచ్చు. కనుక సహాయకులకు అదనపు కూలి, ప్రమాదానికి తగిన అదనపు వెల అడగడం న్యాయమే. కాని ఎదుటివాని నిస్సహాయతనే కొలతగా తీసుకొని వెల పెంచడం న్యాయం కాదు. అదనపు ధరకు కారణం చెప్పగలిగితే అది వెల. చెప్పలేకపోతే అది దోపిడి. తుపాను ఒక వారం ఉంటుంది. ఊరిలో పేరు జీవితాంతం ఉంటుంది.

ధర మాట్లాడేటప్పుడే మరికొన్ని విషయాలు తేల్చుకోవాలి. చెట్టును పూర్తిగా కొట్టివేయవలసివస్తే, 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం అధికారుల అనుమతి పొందాలి. కొన్ని జాతులకు మినహాయింపులు ఉన్నాయి. అనుమతి ఎవరు తెస్తారు? కొమ్మలు ఎవరు తరలిస్తారు? కలప ఎవరికి చెందుతుంది? మొదలు పెకలించడం ఈ ధరలో ఉన్నదా? పూలకుండీలు ఎవరు జరుపుతారు? బయానా ఎంత, మిగిలినది ఎప్పుడు? ఇవన్నీ ఒక కాగితం మీద నాలుగు వరుసలలో రాసి ఇద్దరూ చెరొక ప్రతి ఉంచుకొంటే, సాయంత్రం వాదన ఉండదు. నోటిమాట మంచిదే, కాని అలసట, ఆకలి కలిసిన వేళ ఇద్దరికీ అది ఒకే రకంగా గుర్తుండదు.

బేరం లేకుండ మన దేశంలో ఏ పనీ సాగదు. 'ఫలానావారు రెండు వేలకే చేస్తామన్నారు' అనే మాట ఎదురవుతూనే ఉంటుంది. అప్పుడు కోపం తెచ్చుకోనక్కరలేదు. తడబడి తగ్గించనూ అక్కరలేదు. ధర తగ్గాలంటే పని తగ్గాలి. 'కొమ్మలు తరలించే పని మీరే చూచుకొంటే 800 తగ్గుతుందండీ. డాబా మీది కొమ్మలు ఇప్పుడు తీసి, మిగిలినవి వచ్చే సంవత్సరం చూద్దాం' అని చెప్పవచ్చు. సంప్రదింపుకు లొంగేది పని పరిమాణం మాత్రమే. తాడు, హెల్మెట్, సహాయకుని కూలి, సరైన కోత బేరానికి పెట్టదగినవి కావు. కొందరు పేదల గుడిసె మీద కొమ్మను ఉచితంగా తీసిపెడతారు. అది దానం, ప్రశంసనీయం. కాని దానం చేసేవానికి కూడ తాను ఎంత ఇస్తున్నాడో తెలిసి ఉండాలి. తెలియక పోగొట్టుకొనేది దానం కాదు, నష్టం.

గిరాకీదారులకూ ఇందులో కర్తవ్యం ఉన్నది. ముగ్గురిని పిలిచి ధరలు అడగడంలో తప్పు లేదు. అయితే అందరికన్న తక్కువ చెప్పినవానిని ఒక ప్రశ్న అడగాలి. 'ఈ ధరలో నీవు ఏమి వదిలివేస్తున్నావు?' తాడును వదిలితే మనిషి పడతాడు. అడుగుకోతను వదిలితే చెట్టు చీలుతుంది. సహాయకుని వదిలితే దారిన పోయేవాని తలమీద కొమ్మ పడుతుంది. మన ముంగిట జరిగే ప్రమాదంలో మన బేరానికి కూడ భాగం ఉంటుందని గుర్తించాలి.

ఇప్పుడు మళ్ళీ ఆ మామిడిచెట్టు కిందికి వెళ్దాం. యజమాని అడిగిన ప్రశ్న అదే. "ఎంత తీసుకొంటావు బాబూ?" ఈసారి ఆ యువకుడు జేబులోనుంచి చిన్న పుస్తకం తీస్తాడు. చెట్టు చుట్టూ తిరిగి, తీగను చూచి, సందు వెడల్పు అడుగులతో కొలిచి, "ఆరు గంటల పనండీ. కొమ్మలు తీసుకుపోవడంతో కలిపి 4,760 అవుతుంది. కావాలంటే లెక్క చెబుతాను" అంటాడు. ఈ మాటలో కూడ వినయం ఉన్నది, మర్యాద ఉన్నది. వాటికి తోడు తన శ్రమమీద, తనతో వచ్చిన ఇద్దరి ప్రాణంమీద, పది తరాలకు నీడనివ్వగల ఆ చెట్టుమీద గౌరవం ఉన్నది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగడానికి ముందు, ఎంత అడగాలో తెలుసుకోవడం స్వయం ఉపాధిని కోరే ప్రతి యువకునికి, యువతికి మొదటి పాఠం కావాలి.